కాస్తులో బావకి దక్కని వంతు

మా అమ్మమ్మ ఆడటానికి తరీమా అనే చెక్కబల్ల మీదెక్కి కాలు వేసిందంటే, పాపలోఆపాన్ ఏట్లో చేపలు ఉలిక్కిపడి ఒడ్డున పడేవి. ఆవిడ ఆడే రోజున మా ఊళ్ళో ఎవరూ గాలాలు పట్టుకెళ్ళేవాళ్ళు కాదు, బుట్టలు పట్టుకెళ్ళేవాళ్ళు. అబద్ధమైతే నన్ను మొసలి మింగనీ. ఓసారి మింగింది కూడా, రుచి లేదని ఉమ్మేసింది. సరే, ఇవన్నీ మీరు నమ్మక్కర్లేదు. ఇప్పుడు చెప్పేది మాత్రం నమ్మండి. ఇందులో నేను కలిపిందేం లేదు. కలపబుద్ధి కాలేదు.

కాస్తులో అని నాకో బావ. మా పెద్దదానికి జ్ఞానస్నానం చేయించిన రోజున చేతుల్లో ఎత్తుకున్నది వాడే. అప్పట్నించీ మేం బావా అంటే బావా. వాడు వలలు నేస్తాడు. వాడు నేసిన వల్లో పడ్డ చేప మళ్ళీ వదిలేసినా వెనక్కొచ్చి అందులోనే పడుకుంటుంది, అంత మెత్తన. ముప్పై ఏళ్ళు పక్కపక్కన కూచుని హరానాలు వాయించాం. చిన్న గిటార్లేలెండి, మోత మాత్రం పెద్దది.

మా ఫందాంగోల్లో, అంటే ఊరంతా చేరి రాత్రంతా ఆడిపాడే చోట, ఒకడు పద్యం విసిరితే రెండోవాడు పద్యంతోనే కొట్టాలి. ఎంత అబద్ధమైనా తప్పులేదు. నేను వాణ్ణి కోళ్ళదొంగ అంటాను, వాడు నన్ను గాడిదకి పుట్టినోడంటాడు, చెల్లుకి చెల్లు. తర్వాత ఒకే పళ్ళెంలో వేయించిన అరిటికాయ తింటాం. కట్టుబాటు ఒక్కటే. ఎదటివాడి జవాబు వచ్చేదాకా పాట ఆపకూడదు. వాడికి తట్టకపోతే, తట్టేదాకా వాయిస్తూనే ఉండాలి. ఓసారి బావకి తట్టలేదని మంగళవారం మొదలెట్టి శుక్రవారం దాకా వాయించాను. గడ్డం పెరిగి హరానా తీగల్లో చిక్కుకుంది. పాట ఆపాలంటే జట్టు పెద్ద "ఊనా!" అని అరవాలి. అరిస్తే అందరూ ఠక్కున ఆపేస్తారు. మా జట్టుకి పెద్దని నేనే.

అలాంటి మా ఊరికి రంగశాలొచ్చింది. ఏటి ఒడ్డున పాత ధాన్యం కొట్టుకి సున్నం వేసి, ఎర్ర కుర్చీలు పెట్టారు. శనివారం సాయంత్రం నాలుగింటికి రాజధాని నుంచి బస్సుల్లో జనం వస్తారు. మేనేజరు ఇర్మా మేడమ్ మమ్మల్నందర్నీ తెల్లబట్టల్లో నిలబెట్టి చెప్పింది.

"పాటకి నాలుగు నిమిషాలు. ఎర్రలైటు వెలిగితే ఆపేయాలి, నికానోర్ గారూ. తర్వాత నెత్తిన దీపాలు పెట్టుకుని అమ్మాయిలొస్తారు. దీపం ఆరిపోతే బాగోదు."

"మేడమ్, నాలుగు నిమిషాల్లో మా బావ గొంతు సవరించుకోడమే అవదు," అన్నాను.

"నీకు మాత్రం? నీ అబద్ధానికి తోక దొరకాలంటేనే గంట," అన్నాడు కాస్తులో.

అప్పుడు వాడి పెళ్ళాం దెల్ఫీనా ఊళ్ళో లేదు. చెల్లెలు మంచాన పడితే చూసుకోడానికి రేవు పట్నం పోయి రెండు నెలలైంది. ఊరందరికీ తెలుసు. నా నోరు ఊరుకోదు కదా, మొదటి శనివారమే వాడివైపు తిరిగి అందుకున్నాను:

వలలు నేసే మా బావ పనితనం చూడండీ
ఏట్లో ఉన్న చేపల్నన్నీ ఒడ్డుకి లాగాడండీ
ఇంట్లో ఉన్న చేప మాత్రం జారిపోయిందండీ
ఏ కన్ను వదులైందో మీరే వెతకండీ!

జనం విరగబడి నవ్వారు. ఒక లావాటాయన కుర్చీలోంచి జారాడు కూడా. కాస్తులో కూడా నవ్వాడు. జవాబు దొరికినప్పుడు వాడి ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది. లేచింది. నోరు తెరిచాడు. ఎర్రలైటు వెలిగింది.

"ఊనా!" అని అరిచాను.

దీపాలమ్మాయిలు వచ్చేశారు. వెనక గదిలో వాడు నా భుజం మీద కొట్టాడు.

"ఒరే బావా, నా వంతు మింగేశావురా! వచ్చేవారం నువ్వు మొదలెట్టకు. నేనే ముందు. నిన్ను ఎగిరి తన్నే జవాబుంది నా దగ్గర."

"ఏంటది, చెప్పు!"

"ఇప్పుడు చెప్తే మురిగిపోతుంది. అక్కడే."

"సరే, నీదే వంతు," అన్నాను. మాటిచ్చాను.

మరుసటి శనివారం మూడు బస్సులొచ్చాయి. మేడమ్ పరిగెత్తుకొచ్చి, "ఆ చేప పద్యం తప్పకుండా పెట్టండి, అందరూ అదే అడుగుతున్నారు," అంది. లైట్లు మొహాన పడ్డాయి. వాడు ముందు పాడాలి. నా నోరు ముందు తెరుచుకుంది. మళ్ళీ నవ్వులు, మళ్ళీ ఎర్రలైటు, మళ్ళీ ఊనా.

తప్పు లైటు మీద నెట్టేస్తే తేలిగ్గా పోయేది. కానీ అది నన్నేం చేస్తుంది, కరుస్తుందా? ఇంకో రెండు నిమిషాలు వాయిస్తే దీపాలమ్మాయిలు నిలబడేవాళ్ళు. అసలు సంగతి, బావ జవాబు నా పద్యం కంటే బాగుంటుందని నాకు తెలుసు. ఎప్పుడూ బాగుంటుంది. ఆ నవ్వు వాడికి పోతుందని అరిచాను. ఐదు శనివారాలు అలాగే అరిచాను.

జవాబు పడని పద్యం మా దగ్గర నిజమై కూచుంటుంది. అప్పటిదాకా అది అబద్ధమని తెలిసినవాళ్ళే, "నిజంగానే పోయిందేమో?" అన్నారు. చేపల బజార్లో ఆడాళ్ళు ఆ పద్యం పాడుకుంటూ పొలుసు తీశారు. దెల్ఫీనా పడవ దిగిన రోజున రేవులో ఎవరో, "ఓహో, చేప మళ్ళీ వల్లో పడిందే!" అన్నారట. ఆవిడ మూట కిందైనా పెట్టకుండా ఇంటికెళ్ళిపోయిందట. కాస్తులో ఆరో శనివారం రాలేదు. పై నెలకి ఇద్దరూ అవతలి ఒడ్డుకి, పైనెక్కడో చెరకు తోటల దగ్గరికి మారిపోయారు.

నేను ఏడాది ఆగాను. ఎందుకంటే ఏం చెప్పను, సిగ్గు. ఒక ఆదివారం పొద్దున్నే హరానా తీసుకుని పడవెక్కాను. వాడు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. దండం పెడితే తల ఊపాడు. ఎదురుగా కూచుని, ఆ చేప పద్యం నాలుగు లైన్లూ పాడి, వాడి జవాబు కోసం వాయిస్తూ ఉండిపోయాను. ఇక్కడ లైటు లేదు, మేడమ్ లేదు. తిట్టు బావా, అనుకున్నాను. గాడిద అను, దొంగ అను, మా అమ్మని అను.

వాడు వల కుడుతున్నాడు. ఎండ వాకిట్లోంచి గోడ మీదికెక్కింది. వేళ్ళు చిట్లాయి. రెండు తీగలు తెగితే మిగిలినవాటి మీద లాగాను. ఆ కనుబొమ్మ వంకే చూస్తున్నాను. లేవలేదు. దెల్ఫీనా కాఫీ తెచ్చి నా పక్కన పెట్టి, నాకు తగలకుండా గౌను అంచు పక్కకి లాక్కుని లోపలికి పోయింది.

చివరికి వాడు సూది కింద పెట్టాడు. రెండు చేతులూ ఎత్తి, చప్పట్లు కొట్టాడు. ఫందాంగోలో మేమెవరం చప్పట్లు కొట్టం. చూడ్డానికొచ్చినవాళ్ళే కొడతారు.

"చాలా బాగా పాడారండీ," అన్నాడు. ఎకసెక్కమేం లేదు, మర్యాదగానే. "ఎక్కణ్ణించి వచ్చారు?"

కాఫీ చల్లారిపోయింది. తాగాను.

"అవతలి ఒడ్డు నుంచండీ," అన్నాను.