ఊపిరి ఎక్కువైతే

"మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల" అని అత్తగారు ఊరి నుంచి వచ్చిన తన పెద్దకూతురితో అంటున్నప్పుడు ఆ కోడలు సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. అది పొగడ్తే. వెంటనే భర్త అందుకున్నాడు. "రేపు దానికేదో మీటింగుందిట అక్కా. మానేస్తుందిలే. నువ్వొచ్చాక వంటొదిలేసి ఎక్కడికెళ్తుంది?"

మానేస్తానని తానెప్పుడు అందో ఆమెకే తెలియదు. క్లారినెట్ గొంతును కంప్యూటర్లో పుట్టించడం ఆమె ఉద్యోగం. కర్ర గొట్టం ఉండదు, ఊదే మనిషి ఉండడు, అన్నీ లెక్కలే. కొన్నేళ్లు కష్టపడి తయారుచేసిన ఆ గొంతును రేపు అసలైన వాయిద్యకారులకు మొదటిసారి వినిపించాలి. ఆమె చేతులు తుడుచుకుని, ఏమీ అనకుండా ఆఫీసుకు బయల్దేరింది. అనకపోవడం ఎప్పుడో అలవాటైపోయింది.

అక్కడ మేనేజరు తల పట్టుకుని కూర్చున్నాడు. "నీ ప్రోగ్రాం మూగబోయిందమ్మా! రేపు హాలు మారుమోగాలని అందులో ఊపిరి అంకె పెంచాను. ఆగిపోయింది. ఇంకా పెంచాను. కిక్కురుమంటే ఒట్టు!"

ఆమెకు నవ్వొచ్చింది. "చెడిపోలేదు సార్. క్లారినెట్ నోట పెట్టుకునే చోట పలచని పుల్ల ఉంటుంది కదా, అది ఊపిరికి అల్లాడితేనే శబ్దం. మరీ గట్టిగా ఊదితే దారికి అడ్డంగా అతుక్కుపోతుంది. అసలుదైనా అంతే, మన లెక్కల్లోదైనా అంతే."

ఊపిరి అంకెను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఉన్నట్టుండి కాస్త బొంగురుగా, నిండుగా ఆ స్వరం గదిలోకి వచ్చేసింది.

"అమ్మయ్య! ఇంతసేపూ బాగానే ఉందన్నమాట" అన్నాడు మేనేజరు.

ఎక్కడ బాగుంది? నొక్కుకుపోయి ఉంది. ఇంట్లో ఇన్నేళ్లుగా మంచితనమని అందరూ పేరు పెట్టింది తన నోరు ఇలా నొక్కుకుపోవడానికేనా? ఆమెకు ఒళ్లు మండింది. పొద్దున అత్తగారి పొగడ్తకు లోలోపల కాస్త పొంగిపోయినందుకు ఇంకా మండింది.

సాయంత్రం గుమ్మంలోనే భర్త అడిగాడు. "రేపు రానని చెప్పేశావా?"

"లేదండీ. వెళ్తున్నాను." చెప్పులు విప్పుతూ ఆమె ఆడపడుచు వైపు తిరిగింది. "రేపు ఏం తినాలనుందో మీ తమ్ముడితో చెప్పండి వదినా. వంట ఆయనదే. వండటం రాకపోతే పక్కన నిలబడి నేర్పండి. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది మీరేగా!"

ఆడపడుచు ఫక్కున నవ్వింది. "ఇదేం చోద్యమే!" అంది అత్తగారు. భర్త నోరు తెరిచాడు. శబ్దం రాలేదు.

ఊపిరి ఎక్కడ తగ్గిస్తే ఆ శబ్దం వస్తుందో ఆమెకు తెలుసు. తగ్గించలేదు.