మూడో అధ్యాయంలో అక్క

యూనివర్సిటీ సాహిత్య విభాగంలో ఒక పాత నవల ఏటా లావెక్కేది. వర్గదృష్టితో చదివిన ఏడాది అందులో కూలీలకు నాలుగు పేజీలు పెరిగాయి. స్త్రీవాదం పాఠాల్లోకి వచ్చాక కథానాయకుడి భార్య నోరు విప్పి ఒక అధ్యాయం మొత్తం మాట్లాడింది. లైబ్రేరియన్‌కి ఇందులో వింతేమీ లేదు. అట్ట తెగినప్పుడల్లా మళ్లీ బైండు చేయించి, మీ సిద్ధాంతాలు చల్లగుండ, నా అరలు చాలడం లేదని గొణుక్కునేవాడు.

ఆ నవల పాఠం చెప్పే మాస్టారిది మాత్రం ముప్పై ఏళ్లుగా పాడిందే పాట. మూడో అధ్యాయంలో నాయకుడి అక్క తమ్ముడి కంచం తీసి లోపలికి వెళ్లిపోతుంది. ఆమెకున్నది ఆ ఒక్క వాక్యమే. ఆమె కథకి అవసరం లేదని నిరూపించి ఆయన డాక్టరేటు తెచ్చుకున్నాడు, ఉద్యోగమూ తెచ్చుకున్నాడు. పెళ్లి మాత్రం కాలేదు. సాయంత్రం గదికి చేరితే పలకరించే దిక్కు లేదు. పోనీ అలుగుదామన్నా ఎదురుగా మనిషుండాలి కదా!

ఇప్పుడు ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి సరిగ్గా ఆ అక్క మీదే, ఆమె లేకపోతే కథే లేదని రాసుకొచ్చింది. ఈ సాయంత్రంలోగా ఆయన సంతకం పెట్టకపోతే ఆమె మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పెడితే తన గ్రంథం తప్పని ఆయనే ఒప్పుకున్నట్టు. పొద్దున వచ్చిన పిల్లని మధ్యాహ్నం రమ్మని పంపేసి, మనసూరుకోక నవల తెరిచాడు.

అక్కకి పదకొండు పేజీలు మొలిచాయి. కంచం తీసిన మనిషి, తమ్ముడు వదిలేసిన మెతుకులు తిని పడుకుంది. వాడి చదువు కోసం తన చదువు మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. పదకొండో పేజీలో, తమ్ముడు రాసిన పుస్తకం తెప్పించుకుని కృతజ్ఞతల్లో తన పేరు వెతుక్కుంది.

మాస్టారు తన గ్రంథంలో కృతజ్ఞతల పేజీ తీశాడు. అందులో గురువుగారికీ, గురువుగారి గురువుకీ, ఆఖరికి టైపు కొట్టినాయనకీ దండాలు పెట్టాడు. మిషను తొక్కి చదివించిన సొంత అక్కని మరిచిపోయాడు. ఆమె తనతో మాట్లాడటం ఎందుకు మానేసిందో తెలియదని ఇన్నేళ్లూ తనకి తనే చెప్పుకున్నాడు. సిగ్గుతో కళ్లు నిండాయి.

అమ్మాయి రాగానే సంతకం పెట్టి, తనే తప్పుగా చదివానని చెప్పాడు. ఆమె వెళ్లాక అక్కకి ఫోన్ చేశాడు.

"నీ పేరు రాయలేదక్కా. తప్పయిపోయింది."

"పేరెవరిక్కావాలిరా? నేనెలా బతికానో ఒక్కరోజైనా అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నాను."

"ఫోన్లో అయ్యేది కాదు. బయల్దేరి రా."

మాస్టారు పెన్నూ కాగితమూ బల్ల మీదే వదిలేసి, అక్క చెప్పేది వినడానికి బస్సెక్కాడు.