గుమ్మానికి అడ్డంగా స్టూలు

“గట్టిగా ఊదమ్మా,” అంటూ గేటమ్మ హౌస్ సర్జన్ పిల్ల మాస్కు అంచున చెయ్యి పెట్టింది. ముక్కు పక్కన సన్నగా గాలి తగిలింది. మాస్కు ముక్కు మీది రేకు నొక్కి, పట్టీ పైకి జరిపి, మళ్లీ ఊదించింది. ఈసారి తగల్లేదు. అప్పుడు గానీ అంటురోగుల వార్డులోకి వదల్లేదు.

ఆ చెయ్యి ఇరవై ఆరేళ్లు ఆపరేషన్ సామాన్లు ఉడికించే యంత్రం దగ్గర పనిచేసింది. మూత సందులోంచి ఆవిరి పోతుంటే కంటికన్నా ముందు దానికే తెలిసేది. మణికట్టు దాకా ఉన్న మచ్చలే ఆ చదువుకి పట్టాలు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవ్వాల్సిన మనిషిని మహమ్మారి వచ్చి వార్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చోబెట్టింది. అప్పట్నుంచీ అందరికీ గేటమ్మే. అంతంత చదివిన పిల్లలూ ఆమె ఊదమంటే ఊదేవాళ్లు, తిడితే పడేవాళ్లు. పోయిన నెల ఒక్కడు మాత్రం తొందరలో ఆమెను తప్పించుకుని లోపలికెళ్లాడు. ఇరవై రోజులు తిరక్కుండానే వాడు పోయాడు. హాస్టల్లో సామాను వాళ్ల నాన్న వచ్చి పట్టుకెళ్లాడు. ఆ రోజు నుంచీ గేటమ్మకి తన మీద తనకే కోపం.

తొమ్మిదింటికి మాస్కుల పెట్టె ఖాళీ అయింది. ఇంకా నలుగురున్నారు. సూపరింటెండెంటు వచ్చి, ఈ పూటకి పల్చటివి చాలు, వెళ్లండన్నాడు. ఆయన ముఖానికి మాత్రం మందపుదే ఉంది. పిల్లలు తలొంచుకుని కదిలారు. కాదంటే వాళ్ల సర్టిఫికెట్ మీద ఆయన సంతకం పడదు.

గేటమ్మ స్టూలు ఈడ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

“లోపల రోగులు చస్తుంటే నీకు ఆటగా ఉందా?” అన్నాడాయన.

“లోపలున్న పిల్లలు ఇంకో గంట ఉంటామన్నారు సార్. పెట్టె ఖాళీ అవగానే అడిగే కూర్చున్నా. మంచి మాస్కులు మీ గదిలో బీరువాలో ఉన్నాయి. నేనే మోసుకొచ్చి పెట్టా.”

అవి పై అధికారులు చూడ్డానికొస్తే ఇవ్వడానికట. ఉద్యోగం పోతుందన్నాడు, పెన్షన్ కూడా ఆగుతుందన్నాడు. ఆమె స్టూలు మీంచి లేవలేదు.

“వీళ్లకి మీ సంతకం కావాలి, అందుకే నోరెత్తరు. ఇంకో పిల్లాణ్ణి మాత్రం నేను పంపను సార్.”

ముప్పావుగంటకి బీరువా తెరుచుకుంది. నలుగురి చేతా ఊదించి లోపలికి పంపింది.

సాయంత్రం కాగితం చేతికొచ్చింది. రేపటి నుంచి రానక్కర్లేదట. టిఫిన్ డబ్బా కడిగి సంచిలో వేసుకుంది. స్టూలు తుడిచి గోడవారకి జరిపి వెళ్లిపోయింది.

మర్నాడు సూపరింటెండెంటు వచ్చేసరికి హౌస్ సర్జన్లు ఒకరి మాస్కు అంచున ఒకరు చెయ్యి పెట్టి ఊదించుకుంటున్నారు. ముగ్గురికి మాస్కుల్లేవని, నిన్న గేటమ్మ రెండుసార్లు ఊదించిన పిల్లే ఆయనకి చెప్పింది. ఈసారి ఎవరూ తలొంచుకోలేదు. గోడవార ఉండాల్సిన స్టూలు గుమ్మానికి అడ్డంగా ఉంది, దాని మీద ఎవరూ కూర్చోలేదు.