గనిలో పడి చావని ఓబన్న

ఓబన్నను నరికి చంపారు. ఊరందరికీ తెలుసు. కోర్టు కాగితాల్లో మాత్రం ఓబన్న నాపరాళ్ల గనిలో కాలుజారి పడి చచ్చాడు.

బనగానపల్లె వైపు రాజీ అంటే ఇదే. ఇద్దరు పెద్దలు కొట్టుకుంటారు, వాళ్ల కోసం కూలోళ్లు చస్తారు. తర్వాత ఆ ఇద్దరే గనుల్లో భాగస్తులవుతారు. అప్పుడు సాక్షులను జీపెక్కించి కోర్టుకు తోలుకుపోయి, ఎవరూ ఎవరినీ చంపలేదని చెప్పిస్తారు. అట్లా చెప్పినవాళ్లలో ఓబన్న తల్లి ఏసుమణి కూడా ఉంది. చెప్పకపోతే ఏడేళ్ల మనవరాలు మహిమను బతకనివ్వరని భయపడింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. తల్లి కూడా లేని మహిమ పది పాసైంది. ఫ్యాక్షన్ కొట్లాటల్లో దిక్కులేనివాళ్లయిన పిల్లలను ఉచితంగా చదివించే హాస్టల్ ఒకటి కడపలో ఉంది. అవ్వా మనవరాలూ అక్కడికి పోయారు. వార్డెనమ్మ కాగితాలు తిరగేసింది.

"మీ నాయన గనిలో పడినాడని రాసుండాది కదమ్మా. చంపినారని తెలిసిన ఊరోళ్లు ఐదుగురితో సంతకాలు పెట్టించుకోని సోమవారానికల్లా తెస్తే సీటు ఇస్తాం. సొంత చుట్టాలు పనికిరారు."

ఈ మాట ఊళ్లోని పెద్దాయన చెవిన పడింది. ఓబన్న చచ్చింది ఆయన కోసమే. తమ్ముడి కొడుకు భూపేష్‌ను పంపాడు.

"ఏం అవ్వా, పాపను చదివించేకి మేం లేమా? కర్నూల్లో ప్రైవేటు కాలేజీలో ఏస్తాం. ఫీజు మాది. ఆ పాత కత మాత్రం ఎత్తొద్దు."

"కాలేజీ మీరే చూస్తిరి, ఫీజు మీదే అంటిరి. మల్ల పాప ఎవురిదప్పా?"

"అట్ల మాట్లాడితే ఎట్లా?"

"ఓబన్నను గూడా మీరే బడికి పంపితిరి. మీసాలు రాంగానే జీపెక్కిస్తిరి. వాడు మల్ల దిగలే."

భూపేష్ ముఖం మాడింది. "కోర్టులో అబద్ధం సెప్పినావని నీ మీదే కేసు పడుతుంది, చూసుకో."

"పడనీ. ఈతూరి జీపు పంపొద్దు. నేనే బస్సెక్కి పోతా."

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. జ్వరం తగ్గిందని ఒకరు, బోరులో నీళ్లు పడ్డాయని ఒకరు లేచి చెప్పి కూర్చున్నారు. ఏసుమణి లేచింది.

"నేను కోర్టులో అబద్ధం సెప్పినా. నా కొడుకును వంక కాడ నరికి, గనిలో ఏసినారు. ఈడుండేటోళ్లందరికీ తెలుసు. నా మనవరాలికి ఐదు సంతకాలు కావాల. మీ ప్రార్థన నాకొద్దు. సంతకం పెట్టండి."

మగవాళ్లు పాటల పుస్తకాల్లో తలలు దూర్చారు. పాస్టర్ లేవి తర్వాతి పాట నంబరు చెప్పబోయాడు.

"పాట తర్వాత పాడుదురులే అయ్యగారూ. నేనింకా కూర్చోలేదు."

ట్రాక్టరు డ్రైవరు ఏసేపు లేచాడు. "శవాన్ని గనికి తోలింది నేనే. కోర్టులో నేనూ అబద్ధమే సెప్తి. పెన్ను ఇయ్యి పాపా."

అంగన్‌వాడీ టీచరు ప్రసన్నకుమారి లేవబోతే మొగుడు చెయ్యి పట్టి లాగాడు. "ఉద్యోగం పీకిస్తారే."

"పీకితే ఇద్దరం కూలికి పోదాం. నీకూ పని సేసినట్టుంటాది." విదిలించుకుని పోయి సంతకం పెట్టింది. ఆమె వెనుక జయకుమార్, వసంతకుమార్ అనే అన్నదమ్ములు పెట్టారు. నాలుగయ్యాయి. ఐదోది రాలేదు.

మహిమ కాగితం తీసుకుపోయి లేవి ముందు, బైబిలు మీదే పెట్టింది. "నాయనకు నీళ్లు పోసి సమాధి చేసింది మీరే గదా అయ్యగారూ. గనిలో పడినోనికి మెడ మీద కత్తిగాటు ఎట్లొచ్చింది?"

లేవి గొంతు తగ్గించాడు. "చర్చికి స్లాబు పోయిస్తానని పెద్దాయన మాటిచ్చినాడు పాపా."

"పోయనీండి. నేనొద్దంటినా?"

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. లేవికి చెవులు ఎర్రబడ్డాయి. సంతకం పెట్టి, దాని కింద ఎవరూ అడగకుండానే ఒక ముక్క రాశాడు: మెడ మీద గాటు నేను చూశాను.

సోమవారం పొద్దున రోడ్డు మీద అవ్వా మనవరాలూ కడప బస్సు కోసం నిలబడ్డారు. భూపేష్ బైకు తెచ్చి అడ్డం పెట్టాడు.

"పెద్దాయన శానా కోపంగా ఉండాడు అవ్వా."

"పాపకు ఇంటరు రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు. అంతవరకూ కోపం కాపాడుకోమను. ఇప్పుడైతే బైకు తీయి, బస్సు వస్తాండాది."