రెండు చుట్టలు, ఒక సైకిలు

నాకు కోపం ఎక్కువని మల్కాపురంలో ఎవరిని అడిగినా చెబుతారు. నమ్మకండి. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఒక చిన్న కిటికీ ముందు కూర్చుని, "ఇది పొద్దున్న, ఇది రాత్రి" అని రోజుకి నూటయాభై సార్లు అరిచి చూడండి. అప్పుడు మాట్లాడుకుందాం.

నా పేరు గంగాధరరావు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. విశాఖపట్నం వచ్చి మల్కాపురం ధర్మాసుపత్రిలో కాంపౌండరుగా చేరి, ఈ కథ జరిగిన ఎనభై ఒకటో సంవత్సరానికి పన్నెండేళ్లు. మాత్రల్ని పాత పేపరు ముక్కల్లో పొట్లం కట్టి, పైన ఉదయానికి "ఉ" అనీ, రాత్రికి "రా" అనీ రాసేవాణ్ని. చదువు రానివాళ్లకి నోటితో చెప్పేవాణ్ని. ఒక్కసారే చెప్పేవాణ్ని. వెనక నలభైమంది తోసుకుంటూ ఉంటే రెండోసారి ఎవడు చెబుతాడు? ఆదివారం మాత్రం తలంటు పోసుకుని, కడుపునిండా తిని, సాయంత్రం దాకా నిద్రపోయేవాణ్ని. ఆరు రోజుల కోపానికి అదొక్కటే మందు.

ఇక జోగమ్మ సంగతి. అరవై దాటిన ఒంటరి మనిషి. రెండు గేదెలు, ఒక రేకుల ఇల్లు. ఆ ఇల్లు నేను ఆసుపత్రికి వెళ్లే దారిలోనే ఉంది. ఆవిడ గేదె సరిగ్గా నా సైకిలుకి అడ్డంగా నిలబడుతుంది. నేను బెల్లు కొట్టి తిడతాను. గేదె కదలదు. జోగమ్మ గుమ్మంలో కూర్చుని అడ్డపొగ పీలుస్తూ చూస్తుంది. అడ్డపొగంటే, చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. ఈ వైపు ఆడవాళ్లకి అది మామూలే. పన్నెండేళ్లయినా నాకు మాత్రం చూసినప్పుడల్లా నాలిక కాలినట్టే ఉంటుంది.

ఆవిడ గుండెకి డాక్టరు సీతారామాంజనేయులుగారు రెండు రకాల మాత్రలు రాశారు. "తెల్లది పొద్దున్న ఒకటి, పసుపుది రాత్రి ఒకటి. విన్నావా?" అన్నాను. "ఇన్నాను బాబు" అంది. విన్నది నిజమే. నాలుగో రోజు గేదెల పాకలో పడిపోయింది. పెద్దాసుపత్రిలో ఎనిమిది రోజులు పడుకోబెట్టారు. చూస్తే, పసుపు మాత్రలే రెండు పూటలా మింగింది.

"రంగు కనబడలేదా నీకు?" అని వెళ్లి మంచం దగ్గరే అరిచాను.

"గుడ్డిదీపం ఎలుగులో అన్నీ పసుపే కదా బాబు" అంది నీరసంగా.

డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "గంగాధరరావ్, ఈ మాత్రలు ఇంకోసారి తారుమారైనా, వరసగా మానేసినా, ఆవిడ గుండె తట్టుకోదు. ఇక పెద్దాసుపత్రి దాకా కూడా వెళ్లదు" అన్నారు. నేను స్పష్టంగానే చెప్పానండీ అని వాదించాను. ఇంటికెళ్లాక మాత్రం అన్నం సయించలేదు. మా ఆవిడ గంగాభవాని, "బతికిందిగా, తినండి" అంది. అప్పటికి బతికింది. మళ్లీ పొట్లం కట్టాల్సింది నేనేగా! నిజం చెప్పొద్దూ, భయమేసింది.

సరిగ్గా ఆ వారమే గౌరీశ్వరి దిగింది. విశాఖలోనే మద్దిలపాలెం అమ్మాయి. తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. ఈ పిల్లేమో ఉత్తరాదిన ఎక్కడో, వస్తువులు మనుషులకి వీలుగా ఎలా ఉండాలో నేర్పే కాలేజీలో చదువుతోందట. భుజాన గుడ్డసంచీ, చేతిలో నోటుబుక్కు.

"ఈమె మన మందుల పొట్లాల మీద పరిశోధన చేస్తుంది, సాయం చెయ్యి" అన్నారు డాక్టరుగారు.

"పొట్లం మీద పరిశోధన ఏమిటండీ, నా తలకాయ! రేపు పకోడీల కొట్టు మీద కూడా చేస్తారా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వి, నా మాట నోటుబుక్కులో రాసుకుంది. అన్నీ రాసుకుంటుంది. నేను తుమ్మినా రాసుకుంటుంది.

మూడు రోజులు నా కిటికీ పక్కన కూర్చుని, ఆ తర్వాత రెండు రకాల కవర్లు తయారుచేసింది. పొద్దుటి కవరు మీద కోడిపుంజు, రాత్రి కవరు మీద నెలవంక. బొమ్మలు ముచ్చటగానే ఉన్నాయి. "ఇంకేం, చదువు అక్కర్లేదు, అందరికీ అర్థమవుతుంది" అనుకున్నాను నేను కూడా. అసలు మందులు పెట్టి ప్రయోగాలొద్దని, లోపల పిప్పరమెంట్లు వేసి పదిమందికి పంచింది. జోగమ్మ అసలు మాత్రలు మాత్రం ఆ కొన్నాళ్లూ పక్కింటావిడ చేత వేయించాం. "బొమ్మని బట్టి వేసుకోండి, వారం తర్వాత వచ్చి చెప్పండి" అంది.

వారం తర్వాత మొదట హార్బరు కలాసీ పోలిరాజు వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"అమ్మా, ఈ మందు మావంటోల్లకి కాదమ్మా. మూడ్రోజులు మూడు కోల్లు కోసినాం. ఇంక నావల్ల కాదు."

"కోళ్లెందుకు కోశావు?" అన్నాను.

"కోడికూరతో ఏసుకోమని బొమ్మేసి ఇచ్చినారు కదేటి!"

తర్వాత నూకాలు వచ్చింది. ఈవిడ పొద్దుటివి వేసుకుంది గానీ రాత్రివి అలాగే తిరిగి తెచ్చింది. "అమాస రోజులు కదమ్మా. ముగ్గుర్ని మేడెక్కించి సూపించినాను. సెంద్రుడు కనబడనేదు. నేనప్పుడు ఎలాగేసుకుంటాను?" అంది.

ఆఖరున జోగమ్మ. ఖాళీ కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"చూశావా, జోగమ్మ ఎంత చక్కగా వేసుకుందో!" అన్నాను.

"నానేసుకోడమేటి బాబు? పుంజు బొమ్మేసినారు కదా. మా పుంజుకే రెండు పూటలా ఎట్టినాను. బాగానే తింది" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కవర్లలో పిప్పరమెంట్లు కాక గుండెమాత్రలే ఉంటే, జోగమ్మా దక్కేది కాదు, పుంజూ దక్కేది కాదు. "వీళ్లకి ఎంత చెప్పినా ఇంతేనమ్మా" అని గౌరీశ్వరి మీద అరిచాను.

ఆ పిల్లకి కోపం రాలేదు. "మాస్టారూ, ఒకేచోట అందరూ పడుతుంటే అక్కడ గొయ్యి ఉందంటాం గానీ, ఊళ్లో అందరికీ కాళ్లు వంకరంటామా?" అంది. అని, కవర్లన్నీ చింపి బుట్టలో వేసింది. జవాబు తోచనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది.

మర్నాటి నుంచి ఆసుపత్రి మానేసి జోగమ్మ ఇంట్లో మకాం పెట్టింది. తెల్లారకముందే వచ్చి, ముసలమ్మ పడుకునేదాకా వెనకాలే తిరిగేది. పేడ ఎత్తింది. పాలు పితకబోయి గేదె చేత తన్నించుకుంది. అది కూడా రాసుకుంది. నాలుగో రోజు పరుగెత్తుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"దొరికింది మాస్టారూ! జోగమ్మ గడియారం చూడదు. అన్నం వేళకి తినదు. ఒక్కో రోజు స్నానం కూడా మర్చిపోతుంది. కానీ రెండు చుట్టలు మాత్రం తప్పవు. పాలు పితికాక లావుపాటిది ఒకటి, రాత్రి గిన్నెలు బోర్లించాక సన్నది ఒకటి. ఎవరు చెప్పినా మూడోది ముట్టుకోదు."

"అయితే?"

"తెల్లమాత్ర లావు చుట్టకి కడదాం. పసుపుది సన్న చుట్టకి కడదాం. చీకట్లో కూడా చేతికి తెలిసిపోతుంది. మాత్ర పొట్లం ఊడదీస్తేగాని చుట్ట వెలిగించడం కుదరదు."

"ఏమన్నావ్? ధర్మాసుపత్రిలో కూర్చుని నేను చుట్టలు కట్టాలా? మా వంశంలో ముక్కుపొడుం పీల్చినవాడు కూడా లేడు!" అని ఇంతెత్తున ఎగిరాను. నేను ఎగిరి దిగేదాకా ఆ పిల్ల నిలబడింది. దిగాక డాక్టరుగారి మాట గుర్తొచ్చింది. ఇక పెద్దాసుపత్రి దాకా కూడా వెళ్లదు. నోరు మూసుకుని దారపు ఉండ తీసుకున్నాను.

అలా మొదలైంది నా చుట్టల ఉద్యోగం. సోమవారం సోమవారం జోగమ్మ తను చుట్టుకున్న ఏడు లావువీ, ఏడు సన్నవీ తెచ్చి ఇచ్చేది. నేను ఒక్కోదానికి మాత్ర పొట్లం బిగించి ఇచ్చేవాణ్ని. రెండు వారాలకల్లా కిటికీ ముందు గొడవ. "జోగమ్మకి సుట్టలిచ్చినారు, మాకివ్వరేటి?" అని పోలిరాజు సత్యాగ్రహానికి కూర్చున్నాడు.

ఒకరోజు డాక్టరుగారు చెప్పా పెట్టకుండా లోపలికి వచ్చారు. నేను, "పొగ త్రాగుట హానికరము" అన్న బోర్డు కింద కూర్చుని, ఒళ్లో పద్నాలుగు చుట్టలతో దొరికిపోయాను.

"గంగాధరరావ్, కిళ్లీకొట్టు ఎప్పుడు పెట్టావు?"

నేను నత్తి నత్తిగా అంతా చెప్పాను. ఆయన జోగమ్మని పిలిపించి, నాడి చూసి, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "వానాకాలం వస్తోంది. తడవకుండా కట్టు" అని వెళ్లిపోయారు. జోగమ్మ గుండె గడియారంలా కొట్టుకుంటోందని ఆ సాయంత్రం నాకు విడిగా చెప్పారు.

గౌరీశ్వరి సెలవులైపోయి, ఒక లావు చుట్ట, ఒక సన్న చుట్ట సంచీలో వేసుకుని రైలెక్కింది. నాలుగు నెలలు అలాగే గడిచాయి. కట్టిన ప్రతిసారీ నేను ఊరుకునేవాణ్ని కాదు. "ఈ దిక్కుమాలిన చుట్ట మానెయ్ జోగమ్మా, నోరు పుండైపోతుంది" అని దులిపేసేవాణ్ని. ఆవిడ చెవిటిదానిలా పైకప్పు చూసేది.

దసరా వెళ్లిన సోమవారం జోగమ్మ ఖాళీ చేతులతో వచ్చింది.

"చుట్టలేవీ?"

"మానేసినాను."

"ఏమిటి మానేశావు?"

"సుట్ట. నువ్వే కదా బాబు, ఒకటే గోల. వారం రోజులైంది."

పన్నెండేళ్ల నా సర్వీసులో నా మాట విన్న మొదటి రోగి. వినక వినక ఇప్పుడా వినడం! "మాత్రలు? మాత్రలేం చేశావే తల్లీ!" అని కిటికీలోంచి సగం బయటికి వచ్చేశాను.

"ఏసుకుంటన్నాను. నువ్వు పోయినారం కట్టినవే, ఊడదీసి ఏసుకుంటన్నాను."

"ఎప్పుడు వేసుకోవాలో ఎలా తెలుస్తోంది?"

జోగమ్మ నన్ను జాలిగా చూసింది. "నువ్వున్నావు కదా. పొద్దున్న నువ్వు సైకిలేసుకుని అటెల్తావు. మా గేదెని తిడతావు. అప్పుడు తెల్లది. సీకటడ్డాక ఇటొత్తావు, మల్లీ తిడతావు. అప్పుడు పసుపుది. గుమ్మానికి అటో గూడు, ఇటో గూడు ఉన్నాయి. నువ్వు ఏపక్కకెల్తే ఆపక్క గూట్లోది తీసి మింగుతాను. కల్లు మూసుకున్నా తప్పదు."

మనసు ఒప్పక, అప్పటికప్పుడు సైకిలు తీసి ఆవిడ ఇంటికి వెళ్లి గూళ్లు వెతికాను. రెండూ ఖాళీగా ఉండాలి. అటు గూట్లో ఒక తెల్లది, ఇటు గూట్లో ఒక పసుపుది మిగిలి ఉన్నాయి.

"ఇవేమిటి?" అన్నాను.

"ఆదోరానివి. ఆదోరం నువ్వు రావు కదా బాబు" అంది.

ఆ రాత్రే గౌరీశ్వరికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నీ పరిశోధన తగలడినట్టే ఉందనీ, దీనికి ఏదో ఒక దారి వెంటనే చూడమనీ రాశాను. పది రోజులకి ఒక పార్సెలు వచ్చింది. విప్పితే కవర్లు. ఒకదాని మీద బట్టతల మనిషి నోరు తెరుచుకుని సైకిలు మీద అటు పోతున్నాడు. ఇంకోదాని మీద అదే మనిషి, అదే నోరు, ఇటు వస్తున్నాడు. కింద చిన్న చీటీ. "అందరికీ చూపించి, ఏమన్నారో రాయండి మాస్టారూ."

నాది బట్టతల కాదు, నుదురు కొంచెం పెద్దది. అయినా సరేనని పోలిరాజుకి చూపించాను.

"నువ్వే కదా బాబు! అటెల్తే పొద్దున్న, ఇటొత్తే రేత్రి" అన్నాడు. "కోడి అక్కర్నేదు కదా?" అని మాత్రం మళ్లీ మళ్లీ అడిగాడు. నూకాలూ అదే చెప్పింది. చూపించిన పదిమందిలో ఒక్కరూ తప్పు చెప్పలేదు. అందరికీ ఆ కవర్లు కుదిరిపోయాయి. జోగమ్మ మాత్రం తన కవరు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. "బొమ్మెందుకు బాబు, నువ్వే వత్తావు కదా" అంది.

ఆ ఆదివారం పొద్దున్నే తలకి నూనె పట్టించుకుని కూర్చున్నాను. కుంకుడుకాయ పులుసు సిద్ధంగా ఉంది. ఎనిమిది కావస్తోంది. లేచి సైకిలు తీశాను.

"ఏవండీ, ఆ జిడ్డు తలతో ఎక్కడికండీ?" అంది గంగాభవాని.

"మందు వెయ్యడానికి" అన్నాను.

వస్తానని ముందురోజే చెప్పి ఉంచాను, జోగమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో నీళ్లగ్లాసు, ఇంకో చేతిలో తెల్లమాత్ర. నన్ను చూస్తూనే ఆవిడ మొహం విప్పారింది. నేను బెల్లు కొట్టి, గేదెని తప్పించుకుని, ముందుకు వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ మింగలేదు. గ్లాసు అలాగే పట్టుకుని ఉంది.

"ఏం, మింగవేం?"

"తిట్టనేదు కదా బాబు" అంది.

ఆదివారం పూట నాకు కోపం ఎక్కడినుంచి వస్తుంది? అయినా, "ఓయ్ జోగమ్మా, గేదెని పక్కకి కట్టుకోలేవా!" అన్నాను. ఆదివారపు గొంతు, మెత్తగా వచ్చింది. ఆవిడకి వినబడలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తోంది.

సైకిలు వెనక్కి తిప్పుకుని వచ్చి, గొంతు సవరించుకుని, రెండోసారి అరిచాను. జోగమ్మ మాత్ర నోట్లో వేసుకుని గుటుక్కున మింగి, నోరు తెరిచి చూపించింది.