ఓనర్: వీర్రాజు

వీర్రాజు టేబుల్ కింద దూరి కేబుల్ కొస పీకి మళ్ళీ గుచ్చాడు. పైన కుర్చీలో నరేశ్ కాళ్ళు పక్కకు జరిపాడే గాని, ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"వచ్చిందా అండీ?"

"రాలేదన్నా. జెడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ మార్కు గట్లనే ఉంది. మా సెక్షన్ల ఎవ్వలికీ ఓపెన్ అయితలేదు. జర జల్ది చూడు, సార్ మస్తు గరమైతుండు."

పంజాగుట్ట సందులోని ఆ ఆడిటర్ల ఆఫీసులో లెక్కల ఫైళ్ళన్నీ ఒకే సర్వర్లో ఉంటాయి. ప్రతి కంప్యూటర్ నుంచీ దానికి జెడ్ అనే దారి. ఆ దారి మూసుకుపోతే తప్ప వీర్రాజు అనే మనిషి ఉన్నాడని ఎవరికీ గుర్తు రాదు. పోనీలెండి, నొప్పి పుడితేనే కదా కాలుందని మనకైనా తెలిసేది.

హార్డ్‌వేర్ కోర్సు కోసం తణుకు నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో దిగినవాడు. తోటివాళ్ళు ఒక్కొక్కరే ఉద్యోగాలకు ఎగిరిపోయారు. వీర్రాజు అదే సందులో గది తీసుకుని, కర్రీ పాయింట్ పప్పు తింటూ ఉండిపోయాడు. ఉద్యోగం కుదురుకోనీ అంటూ పెళ్ళి మాట దాటవేశాడు. కుదురుకునేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు.

ఇవాళ శుక్రవారం, అతని ఆఖరి రోజు. సోమవారం నుంచి బయటి కంపెనీ ఒకటి ఈ పని చూసుకుంటుంది. సంగతి సార్‌కీ, హెచ్చార్ మంజూషకీ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరైనా తెలుసుకుని ఒక్క మాట అడుగుతారేమోనని పొద్దుటి నుంచీ అతని ప్రాణం కొట్టుకుంటోంది. మనిషన్నాక ఆ మాత్రం ఆశ ఉంటుంది.

సర్వర్ గదిలో లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు కూడా చెరగలేదు. కేబుల్ బాగుంది, సర్వర్ పలుకుతోంది, తలుపు మాత్రం తీయడం లేదు. ఏం తప్పు చూపిస్తోందా అని తెర మీది ఇంగ్లీషు పూర్తిగా చదివాడు. ఒక ఖాతాను ఆపేశారట. ఆ ఖాతా తనదే.

ఏళ్ళ కిందట అందరూ ఒకేసారి మీద పడితే, ఎవరి పేరు వాళ్ళకు పెట్టే తీరిక లేక, అన్ని కంప్యూటర్లలోనూ తన పేరూ పాస్‌వర్డే కొట్టేశాడు. తర్వాత మారుద్దామనుకున్నాడు. మార్చలేదు. అప్పట్నుంచి ఎవరు ఏ ఫైలు దాచినా ఓనర్ అన్నచోట వీర్రాజు అనే పడేది. నగల కొట్ల బాలెన్స్ షీట్లకూ వీర్రాజే, నరేశ్ కూతురి పుట్టినరోజు ఫొటోలకూ వీర్రాజే. పని లేని మధ్యాహ్నాలు అవి తెరిచి, తన పేరు చూసుకునేవాడు.

"అయ్యో, సారీ అండీ!" అంది మంజూష, అతను వెళ్ళి అడిగితే. "కొత్త కంపెనీవాళ్ళు మీ పేరు సాయంత్రం తీస్తారనుకుంటే పొద్దున్నే తీసేశారు. ఏంటి, మీదొక్కటి తీస్తే ఆఫీసంతా ఆగిపోయిందా? మళ్ళీ ఆన్ చేసి అలాగే ఉంచేయండి వీర్రాజు గారూ. ఎవరడుగుతారు?"

ఏరు దాటకముందే తెప్ప తగలేశారు. అయినా ఆవిడ అన్నది నిజమే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా తన దగ్గరే ఉంది. ఒక్క టిక్కు పెడితే చాలు, తను వెళ్ళినా పేరు ఇక్కడే ఉంటుంది. మౌస్ మీద వేలు చాలాసేపు ఆగింది. కానీ ఎప్పుడో కొత్తవాళ్ళు ఈ వీర్రాజెవరని మళ్ళీ తీసేస్తారు. అందరి పనీ మళ్ళీ ఆగుతుంది. అప్పుడు టేబుళ్ళ కింద దూరడానికి తను ఉండడు. అతనికి ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని లేచాడు.

ఒక్కో టేబుల్ దగ్గరికీ వెళ్ళి తన పేరు చెరిపి, ఎవరి పేరు వాళ్ళకు పెట్టాడు. వాళ్ళు కుర్చీ జరిపి, పనయ్యేదాకా ఫోన్లు చూసుకున్నారు. ఆఖరున నరేశ్.

"ఇప్పుడు నా పేరుతోనే వస్తదా? మంచిగుంది. ఇగ మల్ల పోదు గద?"

"పోదండి."

"సోమారం జర ప్రింటర్ సుత చూడన్నా, సతాయిస్తుంది."

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. నరేశ్ అప్పటికే తెరవైపు తిరిగిపోయాడు.

"చూద్దాంలెండి," అన్నాడు వీర్రాజు.

సాయంత్రం సార్ మీటింగులో ఉన్నారు. తాళాలు మంజూష చేతికిచ్చి, మెట్రో మెట్లెక్కి జనంలో కలిసిపోయాడు.

సోమవారం నరేశ్ ప్రింటర్ పని మీద వీర్రాజును వెతుక్కుంటూ వచ్చాడు.

"శుక్రవారమే ఆఖర్రోజండీ ఆయనకి. మీకు చెప్పలేదా?" అంది మంజూష.

అయినా నరేశ్ సర్వర్ గది తలుపు తోసి, "వీర్రాజన్నా" అని పిలిచాడు. ఎముకలు కొరికే ఏసీ చలి. తలుపు వెనక మేకుకు, మోచేతుల దగ్గర పలచబడి, ఊడిన గుండీ స్థానంలో వేరే రంగు గుండీ కుట్టుకున్న బూడిదరంగు స్వెటర్ వేలాడుతోంది.