పేరున్న వైపు

మా కెంటకీలో పాత తుపాకుల ప్రదర్శనలో తుపాకులన్నీ బల్లల మీద ఒకే వైపుకి పడుకుని ఉంటాయి. ట్రిగ్గర్ పైనున్న ఇనుప పలక కనపడాలి. దాని మీద గద్ద బొమ్మ, తయారైన సంవత్సరం ఉంటాయి. సేకరించేవాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది.

ఒడెస్సా టిల్మన్ మాత్రం తన తుపాకీని తిరగేసి పెట్టింది. అటువైపు కర్ర మీద కత్తితో చెక్కిన వంకర అక్షరాలున్నాయి: ‘గేబ్రియల్ టిల్మన్. స్వతంత్రుడు.’ బానిసత్వం నుంచి పారిపోయి, అంతర్యుద్ధంలో సైన్యంలో చేరిన ఆమె ముత్తాత చెక్కుకున్న పేరది.

ప్రదర్శన నడిపే క్లబ్బు అధ్యక్షుడు కర్టిస్ వీలన్ పోటీకి మార్కులు వేసుకుంటూ వచ్చి, తుపాకీని అందరిలాగే తిప్పి పెట్టాడు.

"మిస్ ఒడెస్సా, గొట్టం అసలుది, మందు కూరే కడ్డీ అసలుది. కర్ర మీద సర్కారు తనిఖీ అధికారి అక్షరాల ముద్ర కూడా చెరగలేదు. ఆ గీతలే లేకపోతే బహుమతి మీదే."

ఆమె మళ్లీ తిరగేసింది. "నువ్వు మెచ్చుకున్న ముద్ర కూడా ఇటువైపే ఉంది కదా. సర్కారువాడి అక్షరాలైతే ముద్ర, మా తాతవైతే గీతలా?"

"అసలు ఆయనే చెక్కాడని ఏమిటి నమ్మకం? అప్పట్లో వాళ్లకి చదువెక్కడిది?"

"‘వాళ్లకి’ అంటే ఎవరికి నాయనా? గట్టిగా చెప్పు, అందరూ వింటారు." చుట్టుపక్కల బల్లలవాళ్లు ఇటు తిరిగారు. "చిన్నప్పుడు నేను నడిపిన స్కూలు బస్సులో వాంతి చేసుకుని ఏడ్చినప్పుడు కూడా నీ గొంతు ఇంతకంటే పెద్దగానే ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కర్టిస్ మొహం కందిపోయింది. "అయితే దీన్ని పోటీలోంచి తీసేస్తున్నా."

"తీసెయ్. బల్ల మీంచి మాత్రం తియ్యలేవు." ఒడెస్సా కుర్చీ లాక్కుని, తుపాకీ మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఎదురు బల్ల డేల్ ప్రూయిట్‌ది. పొగాకు రైతు, తెల్లవాడు. ఇన్నేళ్లలో ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడిన మనిషి కాదు. లేచి తన తుపాకీని తిరగేశాడు. కర్రలో నింపిన గోధుమరంగు మైనాన్ని గోటితో గీకి తీస్తే, కింద సగం చెక్కి వదిలేసిన పేరొకటి బయటపడింది.

"మార్కులు పోతాయని దాచా," అన్నాడు ఆమె వైపు చూడకుండానే. "చెక్కిన కుర్ర సిపాయి ఎవరో, పూర్తి చెయ్యకుండానే యుద్ధంలో పోయినట్టున్నాడు. పోటీలోంచి నాదీ తీసెయ్, కర్టిస్."

బహుమతి ఒక మచ్చలేని తుపాకీకి వెళ్లింది. జనం మాత్రం సాయంత్రం దాకా ఈ రెండు బల్లల దగ్గరే మూగారు. పిల్లలు ఆ అక్షరాలను వేలితో తడిమి చూశారు.

హాలు మూసేవేళ కర్టిస్ ఒంటరిగా వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "మీ తాతగారిది ఏ పటాలం?"

ఒడెస్సా తుపాకీ భుజానికెత్తుకుంది. "వచ్చే ఏడు ఇదే బల్ల, ఇదే వైపు. అప్పుడు అందరి ముందూ అడుగు. చెబుతా."